ఏడో నంబరు కప్పు

ఫైర్ స్టేషన్లో ఇంజన్లు బయటికి తోలి
మడత బల్లలు వేశారు.
విస్కాన్సిన్‌లో అక్టోబరు. తలుపు తీసినప్పుడల్లా
నాలుగైదు మేపుల్ ఆకులు టికెట్ లేకుండా లోపలికొస్తున్నాయి.
నీళ్ళ గొట్టం కొత్తది కొనాలి, అందుకీ బీరు పోటీ.
నన్ను జడ్జిని చేశారు.
పళ్ళ డాక్టర్ని. నలభై ఏళ్ళుగా ఊరందరి నోళ్ళూ చూశాను గనక
రుచి తెలిసుంటుందని వాళ్ళ లెక్క.

ఇటు పక్క డెల్మార్ ట్వైట్, గుమ్మడికాయలు పండిస్తాడు,
గోళ్ళ కింద మట్టి ఇంకా వదల్లేదు.
అటు పక్క ఆర్లిస్ కోవాల్కే.
నిరుడు ఆమెకి జ్ఞానదంతం పీకాను, కిక్కురుమనలేదు.

పేర్లు కనపడకుండా కాగితం కప్పులు, వాటి మీద అంకెలు.
ఆరు కప్పులు ఊళ్ళోవాళ్ళు గ్యారేజీల్లో కాచినవే.
ఒకటి పులుపు, ఒకటి పొగ, ఒకటి నిజంగానే బాగుంది,
ఒకదాన్ని మర్యాద కోసం మింగాం.

ఏడోది వచ్చింది.

రంగు, తోమిన రాగి చెంబు. వంక పెట్టడానికి లేదు.
నురగ, పిలవని పెళ్ళికి వచ్చినట్టు వచ్చి
కూర్చోకుండానే వెళ్ళిపోయింది.
వాసన మాత్రం కప్పు కంటే ముందే బల్లెక్కింది.
దాల్చినచెక్క, జాజికాయ, లవంగం,
ముగ్గురూ ఒక్కసారే మాట్లాడే చుట్టాలు.
లవంగం నాకు వృత్తిరీత్యా తెలుసు,
పంటిపోటుకి దూదిలో ముంచి పెట్టే నూనె.
ఒక్క గుటకకి నా కుర్చీ, నా దీపం,
నోరు తెరిచి కళ్ళు మూసుకున్న ఊరంతా కనపడింది.
తర్వాత తీపి. తీపి వెనక నీళ్ళు.
నీళ్ళ వెనక ఇంకెవరో వస్తారని ఆగాను.
ఎవరూ రాలేదు.

"ఇందులో గుమ్మడికాయ ఏదీ?" అన్నాడు డెల్మార్
కప్పు లైటు కేసి ఎత్తి, తప్పిపోయిన దూడని వెతికినట్టు.
"ఎవడో ఎత్తుకుపోయాడు" అన్నాను.
అందరూ నవ్వారు.
ఆర్లిస్ భుజం తడుముకుంది.

గుమ్మడికాయల దొంగని పిలిస్తే భుజం తడుముకోవడం
నేను కళ్ళారా చూసింది అదే మొదలు.

"ఇది మా లైనుది" అంది మెల్లిగా.
"నన్ను లెక్కలోంచి తీసేయండి."
హైవే పక్కన ఫ్యాక్టరీ, రాత్రి షిఫ్టు,
నిమిషానికి పన్నెండు వందల డబ్బాలు.
"జూలైలో మొదలెడతాం.
అప్పటికి డెల్మార్ పొలంలో పువ్వు కూడా సరిగా విచ్చదు.
డ్రమ్ముల్లో గుజ్జు వస్తుంది, నిరుటిది. మసాలా సంచుల్లో.
తెల్లారి ఇంటికెళితే, ఆ ఉక్కలో,
చొక్కా నిండా అక్టోబరు.
మా చిన్నాడు నిద్రకళ్ళతో నా మెడ వాసన చూసి
స్వెట్టర్ ఏదని అడిగేవాడు."

డెల్మార్ కాసేపు బల్ల మీది తడిని వేలితో గీశాడు.
"నిజానికి గుమ్మడికాయకి రుచేముంది" అన్నాడు గొణుగుతూ,
"పక్కన ఏది వేస్తే దాని మాట వింటుంది.
పండించేవాణ్ణి, నాకు తెలీదా.
బయట మాత్రం చెప్పకండి."

నా కాగితం మీద గళ్ళున్నాయి.
రంగుకి నాలుగు. నురగకి ఒకటి.
రుచికి రెండు రాసి, కొట్టేసి, మూడు రాసి,
అదీ కొట్టేసి మళ్ళీ రెండే రాశాను.
జాలికి గడి లేదు. ఉన్నా ఆమె ఒప్పుకోదు,
కిక్కురుమనకుండా పన్ను పీకించుకున్న మనిషి.

"ఎంతేశారు?"
చూపించాను.
"ఎక్కువే" అంది, కప్పులో మిగిలింది
వృథా ఎందుకన్నట్టు ఒక్క గుక్కలో తాగేసి.

కోటు తొడుక్కుంటుంటే డెల్మార్ అడిగాడు,
ఇప్పుడేం నింపుతున్నారని.
"క్రిస్మస్‌ది."
చేతి మడత ముక్కు దగ్గర పెట్టుకుని చూసుకుంది.
"అల్లం."