మగ్గం ఆగిన సప్పుడు

వరంగల్ పెద్దదవాఖాన, మూడో అంతస్తు.
అయిలయ్య తలకు తెల్లబట్ట చుట్టిన్రు,
రేగుపండంత గడ్డ తీసిన్రట లోపటికెల్లి.
కాళ్లకు మాత్రం నల్ల తొడుగులు, గొట్టాలు,
మంచానికి తగిలిచ్చిన చిన్న డబ్బా.
ఎడమ పిక్కను ఒత్తుతది, బుస్సుమని ఇడుస్తది.
మల్ల కుడి.

తలకు కోత అయితే కాళ్లకేంది సారూ అంటే
ఆ చిన్న డాక్టరు నిలవడి సెప్పిండు:
కదలని కాళ్లల్ల నెత్తురు నిలువ ఉంటది,
నిలువున్నది గడ్డ కడతది,
అది తెగి పైకి పోతే ఊపిరికే అడ్డం.
పలచబడే సూది ఉన్నదంటిరి గద?
ఉన్నదమ్మా. ఇయ్యాల్నే ఇస్తే కోసిన కాడ కారొచ్చు.
రేపు స్కాను చూసి ఇస్తం.
అందాక ఈ డబ్బానే.

నాకెరుకే ఈ సంగతి.
గంజి పలచనైతే పోగు తెగుతది,
చిక్కనైతే పోగుకు పోగు అంటుకుంటది.
కొత్తవాడల నలభై ఏండ్లు జంఖానాలు నేసినోని పెండ్లాన్ని,
ఆ నడిమి పదును ఏలు ముంచి చెప్త.
పాపం సారు, తలకాయల ఏలు ముంచరాదు.

రాత్రి రెండయ్యిందో ఏమో,
దిగ్గున లేసి కూసున్న.
సప్పుడు లేదు.
గుంతమగ్గం నడిచినంతసేపు నిద్రపోయేదాన్ని,
ఆగిందంటే కండ్లు తెరుసుకునేటియి—
పోగు తెగిందా, మనిషికేమన్న అయ్యిందా అని.

డబ్బా మీద పచ్చలైటు లేదు.
పక్క మంచం పిలగాడు ప్లగ్గు పీకి
సెల్లుకు చార్జింగు పెట్టుకున్నడు.
వాని గోస వానిది,
నాయన సంగతి జమ్మికుంటకు చెప్పాలె గద.

తిట్టలే. ప్లగ్గు పెట్టి నర్సమ్మను కేకేసిన.
ఆమె వచ్చేదాక అయిలయ్య పాదం పట్టి
మునివేళ్లు మీదికి, మునివేళ్లు కిందికి,
పొద్దుగాల నేర్పినట్టే.
ఆయన కండ్లు తెరువలే. పెదాలు కదిలినయ్:
"పోగు తెగిందా?"
"తెగలే. తొక్కు."

ఎడమ బొటనవేలు
పావుకోడు ఎతుకుతున్నట్టు
ఒక్కపాలి ఒంగింది.
కుడిది ఇంకా మేలుకోలే.

తెల్లారి స్కాను బాగనే ఉన్నదన్నరు.
పొద్దుగూకంగ పొట్ట మీద సూది ఇచ్చిన్రు,
కందిగింజంత నీలిమచ్చ అయ్యింది.
కండెలు లెక్కవెట్టినట్టు
గోడ మీద గోరుతోని గీత గీసిన.
ఒకటి.