ఎడమ చివరి తల

ఉగాదికి ముందొచ్చే ఆదివారం
అనంతపురంలో వేషాల పరుగు.
ముప్పై నాలుగేళ్ళుగా ఆ వారం రోజులే
మా అంగడి షట్టరు నిండుగా లేస్తుంది,
మిగతా ఏడాదంతా నడుం దాకా.
నాటకాలు పోయినాయి. కిరీటాలు మిగిలినాయి.

రిజిస్టరు చూడండి, అది అబద్ధం చెప్పదు.
యముడు: ఎల్లైసీ ఏజెంటు నారాయణప్ప, డిపాజిట్టు మూడొందలు.
ద్రౌపది: డ్రిల్లు సారు ఓబులపతి,
మీసం తీయనని ముందే చెప్పినాడు.
పులి: ఎప్పట్లాగే కుళ్ళాయప్ప. రంగు ఆయనదే, తోక మాది.
శెనక్కాయ: నర్సు మేరీ సుజాత.
గోనెసంచితో నేనే కుట్టినా.
వాన రాని ఏడు కూడా
మా ఊర్లో ఆ ఒక్క కాయ కాస్తుంది.
రావణుడు: లైన్‌మన్ మహబూబ్ బాషా.
తలలు తొమ్మిది. పదోది ఆయన ఇంటినుంచే తెచ్చుకుంటాడు.

ఆరున్నరకు క్లాక్ టవర్ కాడ ఈల.
పాతూరు మలుపులో సూదీ దారంతో నేను.
వాళ్ళు ఆగరు,
నేనే పక్కన పరిగెడతా పిన్నులు గుచ్చాల.
భీముడు గద చంకన పెట్టుకొని మజ్జిగ కోసం చెయ్యి చాపినాడు.
సందు మొదట్లో కూర్చున్న అవ్వ
యముణ్ణి చూసి కట్టె ఎత్తింది:
"ఈ సందు కాదు నాయనా, ముందుకు పో, ముందుకు పో!"
నారాయణప్ప అంత వేగంగా పరిగెత్తడం
నేనెప్పుడూ చూడలేదు.

ఎవరు గెలిచినారో నాకు తెలీదు,
ఏ ఏడూ తెలీదు.
నాకు తెలిసేదల్లా సాయంత్రం తిరిగొచ్చే బట్టలు,
వీపుల మీద తెల్లగా ఉప్పు తేలి
ఎవరి దేశానికో పటం గీసినట్టు.

బాషా తలల పలక బల్ల మీద పెట్టినాడు.
లెక్కపెట్టినా. ఎనిమిది.
ఇంకోతూరి. ఎనిమిదే.
"యాడ పడిందో తెలీలేదన్నా,
ఆర్ట్స్ కాలేజీ దాటినాక రొంత తేలిగ్గుంటే
ఊపిరి కుదిరిందనుకున్నా."
నాకు నవ్వు రాలేదు. డిపాజిట్టు పట్టుకున్నా.

నాయన చేసిన తలలవి.
నానేసిన కాగితం, మెంతిపిండి, చింతగింజల జిగురు.
ఒక్కోదానికి ఒక్కో ముఖం:
శ్రుతి తప్పే హార్మోనిస్టు,
రోజువడ్డీ పుల్లయ్య,
ఆట అయినాక లారీ ఎక్కి మాయమైన కంట్రాక్టరు.
ఎడమ చివరిది మా అమ్మ.
అద్దె కోటు చించుకొని తెచ్చినోణ్ణి చూసేటప్పటి అమ్మ.
ఆ ముఖానికి మీసం దిద్దేటప్పుడు
నాయన చెయ్యి వణికిందంట.
ఇంట్లో ఉన్న ఒక్క ఫోటోలో ఆమె నవ్వతా ఉంటుంది.
కోపం మాత్రం ఈ తలలోనే మిగిలింది.

నాలుగోనాడు కనపడింది,
శ్రీకంఠం సర్కిల్లో ఈరన్న టీ బంకులో,
గ్యాసు పొయ్యి పైన, మేకుకు.
ఒకపక్క చెవి నలిగింది. చూపు నలగలేదు.
"కాలవలో పడబోతుంటే పట్టుకున్నా సామీ.
ఇది పెట్టినకాణ్ణించి
ఒక్కడన్నా అప్పు అడిగితే ఒట్టు."

అడగాలనే పోయినా.
టీ తాగినా.
ఆమె చూస్తానే ఉంది.
చొక్కా మూడో గుండీ లేదు నాకు,
బట్టలు కుట్టేవాడికి గుండీ లేదు.
చెయ్యి అడ్డం పెట్టుకొని ఇంకో టీ చెప్పినా.
రెండింటికీ లెక్కగా ఇచ్చి వచ్చేసినా.

బాషాను పిలిచి మూడొందలూ చేతిలో పెట్టినా.
"ఒకపక్క బరువు తగ్గింది గదన్నా,
వచ్చే ఏడు మెడ పట్టేస్తుంది.
కుడిపక్క చివరిది గూడా పీకేద్దామా?"
వద్దన్నా. అది కంట్రాక్టరుది.
వాడు పరిగెత్తాల్సిందే.

"కొంచెం ఎడమకు వాలి పరిగెత్తు బాషా.
తలేమి తగ్గిందని ఎవరన్నా అడిగితే
టీకి ఆగింది, నువ్వు పోతా ఉండమంది, అని చెప్పు."