తొడిమల లెక్క

మార్చిలో మా బడి కిటికీలు తెరవం.
ఏటుకూరు రోడ్డు మీంచి గాలి ఇటు మళ్ళితే చాలు
తొమ్మిదో తరగతి మొత్తం ఒక్కసారే తుమ్ముతుంది.
ఆ తుమ్ముల మధ్య
పైనుంచి వచ్చిన పల్చటి పుస్తకం తెరిచాను:
పొదుపు, మదుపు, పద్దు. నాలుగు శనివారాల పాఠం.

మొదటి బొమ్మలో టై కట్టుకున్న నాన్న
పిల్లాడి చేతికి పందిబొమ్మ హుండీ ఇస్తున్నాడు.
నాగుల్‌మీరా లేచాడు:
"డబ్బులు పందిలో ఎందుకేస్తారు టీచర్?"
నాకూ తెలీదు. పేజీ తిప్పాను.

వడ్డీ రేటు, నూటికి ఏడు.
"ఏడు రూపాయల వడ్డీయా!" వెనక బెంచీ ఉలిక్కిపడింది.
ఏడాదికిరా, అన్నాను.
ఏడాది అనే మాట వాళ్ళ ఇళ్ళల్లో వడ్డీ పక్కన నిలబడదు.
అక్కడ నెలే ఉంటుంది, లేదంటే సాయంత్రం ఉంటుంది.

పందొమ్మిదేళ్ళు
బారువడ్డీ, చక్రవడ్డీ అంటూ ఈ బోర్డు మీద సుద్ద అరగదీశాను.
మీ ఇంట్లో ఎంతకి తెస్తారర్రా అని
ఒక్కళ్ళనీ అడగలేదు.

అడిగాను.
రెండన్నారు, మూడన్నారు, ఎవరో ఐదన్నారు.
మస్తానీ మాత్రం గొంతు తగ్గించి,
"మాది అట్టా ఉండదు టీచర్.
పదివేలని రాసుకుని ఎనిమిదిన్నరే చేతిలో పెడతాడు.
రోజుకో వంద, వంద రోజులు.
అది ఎన్ని రూపాయల వడ్డీ?"

సూత్రం రాద్దామని బోర్డు వైపు తిరిగాను.
సూత్రం రాలేదు.
గంట కొట్టారు, బతికించారు.

ఆ రాత్రి కరెంటు బిల్లు వెనక కుస్తీ పట్టి
సోమవారం చెప్పాను:
యాభయ్యో రోజుకే సగం సొమ్ము వాడి జేబులోకి పోయింది కదా,
మరి పదిహేను వందలూ దేనిమీద తీసుకున్నట్టు?
అటూ ఇటూగా ఏడాదికి నూటికి నూట పాతిక.
మీ లెక్కలో పది రూపాయల వడ్డీ పైమాటే.
కాసేపు ఎవరూ తుమ్మలేదు.

మర్నాడు మస్తానీ వాళ్ళమ్మ మాట మోసుకొచ్చింది:
"టీచరమ్మ లెక్క కరెక్టేనంట.
కాకపోతే తమ్ముడికి ఫిట్సు బుధవారం రాత్రి పదకొండింటికొచ్చినయ్,
బ్యాంకు గురువారం పొద్దున పదింటికి తీస్తారు,
మధ్యలో పదకొండు గంటలకి ఎంత పడుద్దో
అది కూడా వేసి పంపమంది."

ఆ లెక్క ఇంకా నా దగ్గరే ఉంది.

మూడో శనివారం రసీదుల పాఠం.
కట్టిన ప్రతి పైసాకీ గుర్తుండాలి, అని చదివి
నేనైతే మర్చిపోయాను.
మస్తానీ ఇంటికెళ్ళి ఫైనాన్సు కార్డు తీసింది:
యాభై ఎనిమిది టిక్కులు.
వాళ్ళమ్మకి అక్షరమ్ముక్క రాదు.
కానీ మిరపకాయలు ఒలిచి వచ్చి
వంద కట్టిన ప్రతి సాయంత్రం
ఒక్క తొడిమ, ఒకే ఒక్కటి,
పాత పాల డబ్బాలో వేస్తుందట.
పిల్ల నేలమీద పదులుగా పేర్చింది.
అరవై ఒకటి.
చేతులు మండుతున్నా మళ్ళీ పేర్చింది.
అరవై ఒకటే.

ఫైనాన్సు కుర్రాడు బండి దిగకుండానే నవ్వాడట,
"తొడిమలు కూడా సాక్ష్యాలేనా?"
మస్తానీ నోటుబుక్కు తీసి తారీఖులు చదివింది.
యార్డుకి సెలవులొచ్చిన రోజులు,
వాడు రాకుండా తమ్ముణ్ణి పంపిన రోజులు,
చిల్లర లేదని రేపేస్తానన్న టిక్కు.
రెండు ఒప్పుకున్నాడు.
మూడోది గాలికొచ్చి పడిందన్నాడు.

నాలుగో శనివారం ఇదంతా విని
ఆ డబ్బా ఒకసారి తెస్తావా, క్లాసుకి చూపిద్దాం, అన్నాను.
"ఇంకా నలభై రోజులుంది టీచర్.
డబ్బాతో పనుంది."

ముప్పై తొమ్మిది కదూ, అనబోయి
సుద్దముక్క కింద పెట్టేశాను.