గోల్ కొట్టినవారు

స్కోరు పుస్తకంలో ఆ గడి ఒక్కటే ఉంటుంది.
నిమిషం, చొక్కా నంబరు, పేరు.
ఇరవై రెండేళ్లుగా ఎగ్మూరు స్టేడియంలో
రేకు నీడన, ఒక కాలు పొట్టిదైన మడత బల్ల మీద
నీలి ఇంకుతో నింపుతున్నాను దాన్ని.
బంతి ఎవరిచ్చారో రాయడానికి చోటు లేదు.

అంచున పెన్సిలుతో రాసుకునేదాన్ని,
ఒక్కో గోలుకి ఒక్కో అక్షరం.
'ము' అంటే మునిరత్నం. 'ఇ' అంటే ఇనాయత్.
సెక్రటరీ చూసి, లెక్కల పుస్తకంలో ఈ ముగ్గులేంటమ్మా అన్నాడు.
చెరిపేస్తానన్నాను.
రబ్బరు ఎక్కడో పోయింది, ఇప్పటికీ దొరకలేదు.

అకౌంట్స్ ఆఫీసు జట్టు. సెంటర్ ఫార్వర్డ్ గుణశీలన్.
ఆ ఏడాది పందొమ్మిది గోల్స్.
అతని ఎడమ పక్కన మునిరత్నం, కొరుక్కుపేట వాడు,
ఇంట్లో తెలుగు, గ్రౌండులో అరవం,
అంపైరుతో రెండూ కాని ఇంకేదో.
నీళ్లు చల్లిన టర్ఫ్ మీద
అతను తోసిన బంతి సన్నగా తుంపర లేపుకుంటూ వచ్చి
గుణశీలన్ కర్రకి పెంపుడు పిల్లిలా ఆనుకునేది.
అటు చూసేవాడు కాదు గుణశీలన్.
పాలబండి హారన్ విని గిన్నె తీసుకుని గుమ్మంలోకి వెళ్లినట్టు
డీ లోకి వెళ్లేవాడు, అంతే.
అప్పుడే వచ్చేది బంతి.

మునిరత్నానికి అరక్కోణం బదిలీ అయింది.
ఇనాయత్‌కి మోకాలు.
కొత్త కోచ్ వచ్చి, నీకు పరుగుంది కదా,
లెఫ్ట్ వింగ్‌కి పో అన్నాడు గుణశీలన్‌ని.

ఆ గీత పక్కన ఆడినవాళ్లకి తెలుస్తుంది.
కొట్టాలంటే బంతిని కుడికి లాక్కోవాలి,
ముందు కాళ్లు తిరగాలి, తర్వాత నడుము, తర్వాత కర్ర.
అర సెకను.
ఆ అర సెకనులో డిఫెండరు వచ్చి,
బస్సులో ఖాళీ సీటు చూసుకున్నట్టు తాపీగా
సర్దుకుంటాడు.

పద్నాలుగు మ్యాచ్‌లు, నాలుగు గోల్స్.
మెట్ల మీద వేరుశెనగలు ఒలుస్తూ ఒకాయన
కుర్రాడి పని అయిపోయింది అన్నాడు.
పెళ్లయిందిగా అన్నాడు ఇంకొకాయన.
ఇద్దరూ అదే పొట్లంలో చెయ్యి పెట్టారు.
నేనేం అనలేదు. బల్ల ఊగితే
నా చేతిరాత కూడా నాది కాదు.

మార్చిలో ప్రమోషన్ కాగితం పట్టుకుని వచ్చాడు గుణశీలన్.
గత సీజనులో చేసిన గోల్స్ ఎన్ని, సంతకం, ముద్ర.
నాలుగు అని రాశాను, అంకెలో ఒకసారి, అక్షరాల్లో ఒకసారి.
అక్షరాల్లో రాస్తే ఇంకా తక్కువగా కనిపించింది.

ముద్ర ఆరేదాకా పాత పేజీలు తిప్పాడు.
"అంచున ఈ వంకరలేంటక్కా?"
చెప్పాను. అతనికి తెలుగు రాదు, ఆ అక్షరం ఆకారం చూపించాను.
గోరు పెట్టి లెక్కపెట్టాడు.
పందొమ్మిదిలో పన్నెండు చోట్ల 'ము'.
ఎగ్మూరు వైపు ఏదో రైలు కూతేసింది, చాలాసేపు.

తర్వాత ఈ ఏటి పేజీలోకి వచ్చి
తొమ్మిదో మ్యాచ్ దగ్గర వేలు ఆపాడు,
సెల్వమణి కొట్టిన గోలు, యాభై మూడో నిమిషం.
"ఇద్దరు నన్నే పట్టుకుని ఉన్నారు.
బంతి నా కాళ్ల ముందు నుంచే వచ్చింది.
వదిలేశాను.
ముట్టుకోలేదక్కా, వెనకాల సెల్వమణి ఉన్నాడని తెలుసు."

అంచు ఖాళీగా ఉంది. ఆ రోజు నేనూ చూడలేదు.

నా అక్షరం ఎలా ఉంటుంది అని అడిగాడు.
అరచేతిలో రాసి చూపించాను, 'గు'.
పెన్సిలు తీసుకుని, నాలిక కొంచెం బయటపెట్టి, రాశాడు.
కొమ్ము ఎటు తిప్పాలో తెలీక
ఎడమకి తిప్పాడు.

దిద్దలేదు నేను.