గ్యాసు నిండుగానే ఉంది

ఎర్మొసీయోలో జూన్ నెల. నలభై ఏడు డిగ్రీలు.
నీడకి కూడా చెమట పడుతోంది.

ఫెర్మీన్ తన పాత టాక్సీని
నా షెడ్డు ముందు ఆపి
"గ్యాసు పట్టెయ్" అన్నాడు.
అందరూ అదే అంటారు,
ఏ నొప్పికైనా ఒకే బిళ్ళ అడిగినట్టు.

బానెట్ ఎత్తి మీటర్ తగిలించాను.
గ్యాసు నిండుగానే ఉంది.
స్విచ్ నొక్కితే కంప్రెసర్ టక్కున పట్టుకుంది.
గొట్టం మీద చెయ్యేస్తే
కొత్తకుండలా చెమర్చి, చల్లగా.
లోపల మాత్రం ముసలివాడి ఊపిరంత గాలి.

చలి పుడుతోంది.
దారే లేదు దానికి.

గ్లవ్ బాక్సు ఊడదీసి
మోకాళ్ళ మీద కూర్చుని ఫిల్టర్ లాగాను.
ఎలక గూడు!
మెస్కీట్ కాయల తొక్కలు, సీటు దూది,
కొరికిన లాటరీ టికెట్లు.

ఫెర్మీన్ ఒక్కో ముక్కా బానెట్ మీద పేర్చాడు.
నువ్వే పారేశావని
భార్య ఎదువీహెస్‌ని అని,
మార్చి నుంచి ఆమెతో మాటల్లేవట.
మిగిలిన అంకెలు సరిచూశాడు.
ఒక్కటీ తగల్లేదు.

కొత్త ఫిల్టరుకి నూట ఎనభై పెసోలు ఇచ్చి
ఏసీ వేసుకుని కూర్చున్నాడు,
తలుపు వేయడం మరిచిపోయి.

"చల్లగా ఉందా?" అన్నాను.
"ఉంది," అన్నాడు.
"ఇంటికెలా వెళ్ళను?"