ఎవరూ ఫొటో తియ్యని మండపం

ముప్పై ఏళ్లుగా మండపాలు కడుతున్నాను
లింగరాజపురం నుంచి హొసకోట దాకా.
థర్మాకోల్ హంసలు, జరీ తెరలు,
మూడు గంటల పెళ్లికి రెండు రాత్రుల జాగారం.
నా పని పుట్టేదే తెల్లారి కూలిపోవడానికి.

అందుకే మా ఇందుజ
గాజుపెట్టెలో బల్లిని తెచ్చి
"నాన్నా, దీనికో ఇల్లు సర్దిపెట్టవూ" అంటే
నవ్వొచ్చింది.
రెండడుగుల వేదిక, ఒక్కతే పెళ్లికూతురు!

పసుప్పచ్చ ఒళ్లంతా నల్లచుక్కలు.
నువ్వులద్దినట్టుందని
అరిసె అనే పేరు పెట్టాం.
మా ఆవిడ పంచాంగం తీసి
బల్లిపాటు పేజీలో వేలు పెట్టి కూర్చుంది.
"ఇది గోడెక్కే జాతి కాదమ్మా,
ఎక్కలేనిది పడేదెక్కణ్ణించి?" అంది పిల్ల.
పుస్తకం మూసింది గానీ
వేలు తియ్యలేదు ఆవిడ.

ఆ రాత్రే సర్దాను.
ముగ్గుల కొట్లోంచి గులాబిరంగు ఇసుక,
ఎవరిదో సంగీత్‌లో మిగిలిన ప్లాస్టిక్ సంపెంగలు,
మిణుకు మిణుకుమనే సీరియల్ బల్బులు,
ఇసుక మీద రాయి, రాయి మీద రాయి, చిన్న గోపురం.
వెనకాల అద్దం,
ఒక్క బల్లి రెండుగా కనబడాలని.
మా కుర్రాళ్లు వంగి వంగి ఫొటోలు తీసుకున్నారు.
అరిసె మాత్రం
మూలకి ముక్కానించి నిలబడింది
పిలవని పేరంటానికి వచ్చినదానిలా.

తొమ్మిది రోజులు పురుగు ముట్టలేదు.
హెబ్బాళలో డాక్టర్ ముత్తమ్మ
ఎక్స్‌రేని వెలుతురుకి పట్టి చూపించింది:
చిటికెనవేలంత కడుపులో
తెల్లగా, గట్టిగా, నా ముగ్గు.
"ఆ గోపురం కింద తవ్వుకుని ఉంటేనో?" అంది,
నెమ్మదిగానే.
తప్పట్లు తప్ప ఏమీ విననివాణ్ణి,
చెప్పులు చూసుకుంటూ నిలబడ్డాను.

గోరువెచ్చని నీళ్ల స్నానాలు, మందు చుక్కలు.
పదకొండో రోజు
న్యూస్‌పేపర్ మీద గులాబిరంగు మరక.
ఇల్లంతా పండగ! చెబితే నవ్వుతారు,
ఇందుజ ఏడ్చింది కూడా.

మళ్లీ మొదలుపెట్టాను.
ఎవరో వంటగట్టు కోసి పారేసిన
కడపబండ ముక్క కింద పరిచాను.
గరుకు కాగితంతో అంచులు రుద్ది,
చెంప ఆనించి చూసుకున్నాను.
ఏ పెళ్లికూతురి కుర్చీకీ
ఎప్పుడూ అలా ఆనించి చూడలేదు.
పాటరీ టౌన్‌లో మునివెంకటమ్మని
రంగు పులమని కుండలడిగితే
బీటలు వారినవి మూడు చేతిలో పెట్టింది.
"పగిలిందానికి దుడ్డేందన్నా!"

ఒక పెంకు వేడి వైపు, ఒక పెంకు చల్లటి వైపు.
మూడోదాని కింద తడి కొబ్బరిపీచు,
కుబుసం విడిచే రోజుల కోసం.
ఎప్పుడెటు పోవాలో దానిష్టం.
వేడి మీరకుండా తీగకి కాపలా మిషను.
అతుకుల జిగురు పులిసిన వాసన పోయేదాకా
ఆరు రోజులు ఆగాను.
ముహూర్తం లేని పని చెయ్యడం
నాకదే మొదలు.

బల్బులు తీసేశాను. అద్దం తీసేశాను.
ఇప్పుడు చూడ్డానికి ఏమీ లేదు,
పెరట్లో ఎవరో పగలగొట్టిపోయినట్టుంది.

మొన్న యలహంకలో రిసెప్షన్ విప్పేసి
రాత్రి రెండింటికి ఇల్లు చేరాను.
లైటు వెయ్యకుండా కూర్చున్నాను.
అరిసె బయటికొచ్చింది.
బండ మీద పొట్ట పరిచి,
రెప్పలున్న బల్లి కదా,
నన్ను చూసి ఒకసారి కళ్లు మూసి తెరిచింది.
తర్వాత పగిలిన కుండలోకి నడిచిపోయింది.
బొటనవేలంత తోక
బయటే మరిచిపోయింది.

సాయంత్రాలు పీచు తడి ఆరిందేమోనని
వేలు పెట్టి చూసేది మా ఆవిడే,
ఆ పంచాంగం వేలే.

రేపు హొసకోటలో పెళ్లి.
కుర్చీకి ఒకసారి
చెంప ఆనించి చూడాలి.