పాత బోర్డు, కొత్త వరస

కందుకూరు బస్టాండు గోడ మీద
"ఇచ్చట పొగ తాగరాదు"
పదేళ్ల కిందట నేను రాసిందే.
ఇప్పుడది చాలదంట మున్సిపాలిటీకి.
ఆవిరి సిగరెట్టూ, గంజాయీ కూడా ఇరికించాలంట.
డబ్బులు అక్షరానికింతని.
జాగా మాత్రం పాతదే.

'గంజాయి' సున్న దగ్గర కుంచె ఆగింది.
వెనకాల కుర్రోడెవడో పెన్ను లాంటిది పీల్చి
మామిడిపండు వాసన వదిలాడు.
"ఇది పొగ కాదు బాబాయ్."
"అందుకేరా, ఈ రెండో వరస నీకే."

ఎదురుగా లారీ
వేలానికి పోయే పొగాకు బేళ్లతో.
గోనెపట్టా చినుగులోంచి తేనెరంగు ఆకు
దర్జాగా బయటికి చూస్తోంది.
దానికే బోర్డూ అడ్డం లేదు.

ఆకు గ్రేడు చేసిన చేత్తో
మా అమ్మ అన్నం కలిపితే చేదు,
ఎంత తోమినా పోని నల్లటి జిగురు.
నా మొదటి కుంచె
ఆ జిగురు డబ్బులతో కొన్నదే.

పొద్దుగూకే ముందు ఇన్‌స్పెక్టర్ దయానిధి వచ్చి
"మాలకొండయ్యా, 'జరిమానా' ఇంకాస్త లావుగా" అన్నాడు.
లావు చేశా.

కిరసనాయిలుతో చేతులు తుడుచుకుని
చెవి మీది బీడీ తీసి
రోడ్డు దాటి అవతలి గోడకి ఆనుకున్నా.
తెల్లగా ఉంది.
దీని మీద రేపు రాయాలి.